గ్రూపులో ఎవరి మాటకు జవాబొస్తుంది?

నూట ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. పొద్దున్న ఆరుంబావుకు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడుతుంది. "గుడ్ మార్నింగ్ అండీ. బి బ్లాక్‌లో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. మోటార్ కాస్త ముందుగా వేయించడానికి వీలవుతుందా? పిల్లల స్కూలు టైమ్ కదా, ఇబ్బందవుతోంది. ఇంకెవరికైనా ఇలాగే ఉందా?" చివర ఒక దణ్ణం ఎమోజీ. రాసింది మూడో అంతస్తులో ఉండే గృహిణి. గంటన్నర దాటుతుంది. ఈలోగా రెండు గుడ్ మార్నింగ్ పూల బొమ్మలు, ఒక ఫార్వర్డ్ వీడియో వచ్చి ఆ మెసేజ్‌ను పైకి నెట్టేస్తాయి. ఎనిమిదింటికి ఇంకొకటి పడుతుంది. "బి బ్లాక్‌లో వాటర్ ప్రాబ్లం. మోటార్ అయిదున్నరకల్లా వేయాలి. సెక్రటరీ గారు వాచ్‌మన్‌తో మాట్లాడండి." రాసింది అదే బ్లాక్‌లో ఉండే ఒక మగాయన. పది నిమిషాల్లో ఆరు బొటనవేళ్ళు, "కరెక్ట్ సార్", "మాకూ అంతే", సెక్రటరీ నుంచి "నోటెడ్".

రెండింట్లో విషయం ఒకటే. నిజానికి మొదటిదాంట్లోనే వివరం ఎక్కువ. ఏ వేళ ఇబ్బంది, ఎందుకు ఇబ్బంది, ఇంకెవరికైనా ఉందా అన్న ఆరా, అన్నీ ఉన్నాయి. అయినా గ్రూపు లెక్కలో ఆ సమస్య పుట్టింది ఎనిమిదింటికే. ఈ దృశ్యం ఉదాహరణ కోసం అల్లిందే. కానీ అపార్ట్‌మెంట్, కాలనీ, ఆఫీసు గ్రూపుల్లో ఉన్న ఆడవాళ్ళెవరికీ ఇది కొత్తగా అనిపించదు.

దీనికి చాలామంది దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. ఆవిడ మొహమాటపడుతూ అడిగింది, ఆయన గట్టిగా చెప్పాడు, అందుకే పనైంది అంటారు. అంటే లోపమంతా అడిగిన తీరులోనే ఉందని. ఆన్‌లైన్ చర్చల్లో ఆడవాళ్ళు, మగవాళ్ళు ఎలా రాస్తారన్నదాని మీద ముప్ఫై ఏళ్ళకు పైగా పరిశోధన జరిగింది. దాన్ని దగ్గరగా చూస్తే ఈ కారణం చాలదని తెలుస్తుంది. రాసే తీరులో తేడా ఉన్న మాట నిజమే, అది చిన్నది. రాశాక ఏం జరుగుతుందన్న దగ్గరే అసలు తేడా ఉంది.

ముందు రాసే తీరు సంగతి. అమెరికన్ భాషాశాస్త్రవేత్త రాబిన్ లేకాఫ్ 1970ల్లో ఆడవాళ్ళ మాటకు కొన్ని గుర్తులున్నాయని రాశారు. ఖరాఖండిగా చెప్పకుండా "అనుకుంటా", "బహుశా" లాంటివి తగిలించడం, చెప్పిన వాక్యం చివర చిన్న ప్రశ్న జోడించడం, మర్యాద ఎక్కువగా పాటించడం. తెలుగులో "కాస్త", "వీలైతే", "ఏమో", "తప్పుగా అనుకోకండి", "నాకు తెలిసినంతవరకు" అలాంటి పనే చేస్తాయి. ("కదా" మాత్రం మనకు ఆడామగా తేడా లేకుండా అందరి నోటా ఉంటుంది. అది లేకుండా తెలుగువాళ్ళకు పూట గడవదు.)

1990ల మొదట్లో, ఇంటర్నెట్ ఇంకా యూనివర్సిటీల గడప దాటని రోజుల్లో, సూసన్ హెరింగ్ అనే మరో భాషాశాస్త్రవేత్త ఈమెయిల్ మీద నడిచే చర్చాబృందాలను పట్టుకుని సందేశాలను వరసగా చదివారు. ఆ బృందాల్లో ఉన్నది ప్రొఫెసర్లు, పరిశోధక విద్యార్థులు, అంటే చదువులోనూ హోదాలోనూ ఇంచుమించు సమానమైనవాళ్ళు. అయినా తేడా కనబడింది. మగవాళ్ళు పొడుగు సందేశాలు రాసేవారు, తీర్పు చెప్పినట్టు రాసేవారు, ఎదుటివాళ్ళ మాటను ఖండించడంతో మొదలుపెట్టేవారు, వెటకారం వాడేవారు. ఆడవాళ్ళ సందేశాల్లో ప్రశ్నలు, క్షమాపణలు, సొంత అనుభవం, ముందు మాట్లాడినవాళ్ళను సమర్థించడం ఎక్కువ. చర్చ బాగుండటమంటే ఏమిటని అడిగితే కూడా జవాబులు వేరుగా వచ్చాయి. మగవాళ్ళు మొహమాటం లేని వాదనను, ఎవరూ అడ్డుచెప్పని స్వేచ్ఛను మెచ్చుకుంటే, ఆడవాళ్ళు ఎదుటివాళ్ళ అవసరాన్ని గమనించడానికి విలువిచ్చారు.

ఇక్కడిదాకా చదివి "ఆడవాళ్ళ స్వభావమే అంత" అనుకోవడం తేలిక. దానికి అడ్డొచ్చేది ఇంకో అధ్యయనం. విలియం ఓబార్, బోమన్ ఆట్కిన్స్ అనే ఇద్దరు అమెరికా కోర్టుల్లో సాక్షుల మాటలను రికార్డు చేసి, లేకాఫ్ చెప్పిన గుర్తులను వాటిలో లెక్కపెట్టి 1980లో ప్రచురించారు. డాక్టర్లుగా, నిపుణులుగా సాక్ష్యం చెప్పిన ఆడవాళ్ళ మాటలో ఆ గుర్తులు చాలా తక్కువ. చదువూ హోదా లేని మగ సాక్షుల మాటలో అవి దండిగా ఉన్నాయి. "ఆడవాళ్ళ భాష" అనుకున్నది నిజానికి బలం లేనివాళ్ళ భాష అని వాళ్ళు తేల్చారు. ఎమ్మార్వో ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డ రైతు మాట వింటే మనకూ ఇది అర్థమవుతుంది. "అయ్యా, తమరు కాస్త చూస్తే బాగుంటదండి" అంటాడాయన. అదే మనిషి సాయంత్రం ఊళ్ళో అరుగు మీద కూర్చుని రాజకీయాలు మాట్లాడేటప్పుడు ఆ "కాస్త" ఎక్కడా వినబడదు.

తర్వాతి కాలంలో ఇలాంటి అధ్యయనాలను పదుల సంఖ్యలో కలిపి లెక్కలు వేసినవాళ్ళకూ అదే కనబడింది. మెత్తగా, సందేహిస్తూ మాట్లాడటంలో ఆడామగా తేడా ఉంది, కానీ సగటున అది చిన్నది. చోటును బట్టి, పక్కనున్నవాళ్ళను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది.

మన ఇళ్ళలోనే దీనికి మంచి రుజువుంది. ముప్ఫై అయిదేళ్ళ ఒక ఉద్యోగిని ఫోన్లో ఎన్ని గ్రూపులున్నాయో చూడండి. అత్తగారివైపు కుటుంబ గ్రూపు ఉంటుంది. అందులో మామగారు, ఆడపడుచులు, మరుదులు, పెదమామగారి పిల్లలు. అక్కడ ఆవిడ రాసే మాటలు లెక్కపెట్టొచ్చు. "పుట్టినరోజు శుభాకాంక్షలు మామయ్యగారూ", "చాలా బాగుందండీ", పండక్కి పిండివంటల ఫొటో. ఎవరో ఏదో రాజకీయ వీడియో పెట్టి అందులో తప్పున్నా ఆవిడ నోరు మెదపదు. పుట్టింటి గ్రూపుకొస్తే తమ్ముణ్ణి ఆటపట్టిస్తుంది, నాన్న పంపిన ఆరోగ్య చిట్కా తప్పని మొహం మీదే చెప్పేస్తుంది. ఇంజినీరింగ్ కాలేజీ స్నేహితురాళ్ళ గ్రూపులో వాక్యం మీద వాక్యం, గంటకు యాభై మెసేజ్‌లు. ఆఫీసు టీమ్ గ్రూపులో మళ్ళీ కొలిచినట్టు రాస్తుంది. మనిషి ఒక్కతే, ఫోనూ ఒక్కటే. ఏ గ్రూపులో ఎంత రాయాలో, ఎలా రాయాలో అక్కడ ఎవరెవరు చదువుతున్నారన్నదే తేలుస్తోంది. స్వభావమే కారణమైతే అన్ని గ్రూపుల్లోనూ ఒకేలా ఉండాలి కదా.

మగవాళ్ళూ ఇలాగే మారతారు. హెరింగ్ 1996లో రెండు చర్చాబృందాలను పోల్చి చూశారు. ఒకదాంట్లో మగవాళ్ళు ఎక్కువ, ఇంకోదాంట్లో ఆడవాళ్ళు ఎక్కువ. ఎక్కడ ఎవరు తక్కువైతే వాళ్ళు ఎక్కువమంది తీరుకు దగ్గరగా జరిగారు. ఆడవాళ్ళ బృందంలో మగవాళ్ళు కాస్త సౌమ్యంగా, మగవాళ్ళ బృందంలో ఆడవాళ్ళు కాస్త ఘాటుగా రాశారు. స్కూలు పేరెంట్స్ గ్రూపులో అడపాదడపా కనబడే నాన్నలను చూస్తే ఇది కళ్ళకు కట్టినట్టుంటుంది. కాలనీ గ్రూపులో "వేయాలి", "చూసుకోవాలి" అని ఆజ్ఞలు రాసే మనిషే ఇక్కడ "మేడం, రేపు మ్యాథ్స్ టెస్ట్ సిలబస్ ఎవరైనా పంపుతారా ప్లీజ్" అంటాడు. ఎందుకంటే అక్కడ విషయం తెలిసినవాళ్ళు అమ్మలు. హోంవర్క్, యూనిఫాం, వ్యాన్ డ్రైవర్ నంబర్, అన్నీ వాళ్ళ గుప్పిట్లో ఉంటాయి.

ఆడవాళ్ళే ఎక్కువ మాట్లాడతారన్న నమ్మకం మనలో లోతుగా పాతుకుపోయింది. అమెరికా, మెక్సికో కాలేజీ విద్యార్థులు దాదాపు 400 మందికి చిన్న రికార్డర్లు తగిలించి మాటలు లెక్కపెట్టి 2007లో ప్రచురించారు. ఆడా మగా ఇద్దరూ రోజుకు సుమారు 16 వేల మాటలే మాట్లాడారు. ఇంకా ఎక్కువమందితో ఇటీవల మళ్ళీ చూసినప్పుడు నడివయసు ఆడవాళ్ళు కొంత ఎక్కువ మాట్లాడినట్టు తేలింది. కానీ అది రోజు మొత్తం మాటల లెక్క. ఆడామగా కలిసి కూర్చున్న చోట, అందులోనూ ఏదైనా తేల్చుకోవాల్సిన చర్చలో, లెక్క తిరగబడుతుంది. ఇద్దరూ కలిసి మాట్లాడిన సందర్భాల మీద వచ్చిన 56 అధ్యయనాలను 1993లో ఇద్దరు పరిశోధకులు ఒకచోట చేర్చారు. మగవాళ్ళు ఎక్కువ మాట్లాడినట్టు చూపినవి 24, ఆడవాళ్ళు ఎక్కువ మాట్లాడినట్టు చూపినవి రెండే రెండు. పిచ్చాపాటీలో గలగలలాడే మనిషి మీటింగులో తగ్గిపోతుందంటే ఆ మీటింగులో ఏదో ఉన్నట్టే.

ఇప్పుడు జవాబుల సంగతి. మొత్తం వ్యవహారానికి కీలకం ఇదే. హెరింగ్ చదివిన బృందాల్లో ఆడవాళ్ళు మొదలుపెట్టిన విషయాలకు జవాబులు తక్కువ వచ్చాయి. మగవాళ్ళ నుంచే కాదు, తోటి ఆడవాళ్ళ నుంచి కూడా. ఆన్‌లైన్ చర్చలో జవాబు రాకపోవడానికి ఒక ప్రత్యేకమైన బరువుంది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఎవరూ బదులివ్వకపోయినా తల ఊపడమో, కళ్ళు అటు తిప్పడమో ఉంటుంది. గ్రూపులో అదేమీ లేదు. మెసేజ్ వివరాలు తెరిస్తే ఎనభై మంది చదివారని తెలుస్తుంది, కింద ఏమీ ఉండదు. అలా రెండుసార్లు జరిగితే మూడోసారి రాయడానికి చెయ్యి రాదు. ఆ తర్వాత ఆ మనిషి గ్రూపులో ఉంటుంది, కానీ చదవడానికే. "ఆవిడ ఏమీ మాట్లాడదండీ, సైలెంట్" అన్న పేరు కూడా వచ్చేస్తుంది.

మరి మాట్లాడితే? అదే పరిశోధనలో ఒక ఘట్టముంది. ఆ ఈమెయిల్ బృందాల్లో ఒకదాంట్లో ఒక వాదన నడుస్తూ, వరసగా రెండు రోజులు ఆడవాళ్ళ సందేశాలు మగవాళ్ళ సందేశాలను మించాయి. రెండే రోజులు. ఆ రెండు రోజుల్లోనే కొందరు మగ సభ్యులు చర్చ శ్రుతి మించుతోందని, ఇలాగైతే బృందం నుంచి తప్పుకుంటామని రాశారు. మిగతా రోజులన్నీ మగవాళ్ళదే పైచేయిగా ఉన్నప్పుడు దాన్నెవరూ సమస్య అనుకోలేదు. ఎవరి వాటా ఎంతుంటే మామూలు అన్న కొలత ముందే ఒకటి అందరి బుర్రల్లో ఉందని దీన్ని బట్టి తెలుస్తుంది.

కంప్యూటర్ మీద మాట్లాడుకోవడం మొదలైన కొత్తలో ఇవన్నీ పోతాయని గట్టిగా ఆశించారు. మనిషి కనబడడు, గొంతు వినబడదు, అక్షరాలే ఉంటాయి, కాబట్టి పెద్దా చిన్నా, ఆడా మగా తేడా చెరిగిపోతుందని. 1984లో అమెరికన్ పరిశోధకురాలు సారా కీస్లర్ బృందం చేసిన ప్రయోగాల్లో కంప్యూటర్ ద్వారా చర్చించినవాళ్ళ వాటాలు ముఖాముఖి చర్చకంటే సమానంగా ఉన్నాయి కూడా. అదే ప్రయోగాల్లో తిట్లు, దురుసు మాటలు పెరగడం కూడా కనబడింది. ఆశ నెరవేరిందా లేదా అన్నది చివరికి ఈ రెండో విషయం దగ్గర తేలింది.

నిజానికి మారుపేరుతో రాసేవాళ్ళకు తెలుగు బాగా సాయపడాలి. హిందీలో "నేను వెళ్ళాను" అనాలంటే క్రియలోనే ఆడో మగో బయటపడిపోతుంది. తెలుగులో "వెళ్ళాను", "అనుకున్నాను", "చదివాను" ఎవరు రాసినా ఒకటే. పేజీలకు పేజీలు సొంత కథ రాసినా వ్యాకరణం మనల్ని పట్టించదు. కానీ మనం ఒకరినొకరు పిలుచుకోకుండా మాట్లాడలేం. అక్కడే దొరికిపోతాం. ఎవరో తెలియకపోతే "బ్రో", "అన్నా", "సార్". ఇది దాదాపు అలవాటైపోయింది. "అన్నా కాదు, అక్క" అని ఒక్కసారి దిద్దితే ఆ క్షణం నుంచి జవాబుల రంగు మారిపోతుంది. కొందరు అతి మర్యాదలోకి వెళ్తారు, కొందరు ఇన్‌బాక్స్‌లోకి వస్తారు. అందుకే చాలామంది ఆడవాళ్ళు దిద్దకుండా "బ్రో"గానే ఉండిపోతారు. పేరు తెలిసే చోట మాత్రం ముందుగానే "అన్నయ్యా" అని మొదలుపెడతారు. ఆ పిలుపులో ఆప్యాయతతోపాటు తన చుట్టూ గీసుకునే గీత కూడా ఉంటుంది.

ఒక మనిషి గురించి ఇంకొకరితో చెప్పేటప్పుడు ఇంకో తేడా తగులుతుంది. తెలుగులో "ఆవిడ వచ్చింది", "బండి వచ్చింది", రెంటికీ క్రియ ఒకటే. గౌరవంగా అంటే "వచ్చారు". ఏదైనా కాలనీ గ్రూపులో నెల రోజుల మెసేజ్‌లు తీసి చూడండి. "రావు గారు చెప్పినట్టు" అని ఉన్న చోటే "ఆ థర్డ్ ఫ్లోర్ మేడం ఏదో అంది" అని ఉంటుంది. ఆయనకు పేరుంది, గారుంది. ఆవిడ ఫ్లాట్ నంబరు, లేదా ఫలానావారి మిసెస్, లేదా చింటూ వాళ్ళ మమ్మీ. పేరే లేని మనిషి మాటను "ఫలానావాళ్ళు ముందే చెప్పారు" అని ఎవరైనా ఎలా గుర్తుపెట్టుకుంటారు? పొద్దున ఆరుంబావు మెసేజ్ గాల్లో కలిసిపోవడంలో దీని పాత్ర చాలా ఉంది.

పేరు చూసి మాట విలువ కట్టడం ఎంత దూరం వెళ్తుందో ప్రోగ్రామర్లు పనిచేసే గిట్‌హబ్ చూపించింది. అక్కడ ఎవరైనా ఒక ప్రాజెక్టుకు కోడ్ మార్పు రాసి పంపొచ్చు, ప్రాజెక్టు నడిపేవాళ్ళు చర్చించి ఒప్పుకోవచ్చు, తోసిపుచ్చొచ్చు. 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మొత్తం మీద ఆడవాళ్ళు పంపిన మార్పులకే ఆమోదం ఎక్కువ, వందకు 78 చిల్లర. మగవాళ్ళవి 74 చిల్లర. కానీ ఆ ప్రాజెక్టుకు కొత్తగా వచ్చినవాళ్ళను మాత్రమే తీసుకుంటే, ప్రొఫైల్‌లో ఆడమనిషని తెలిసిపోయేచోట వాళ్ళ ఆమోదం మగవాళ్ళకంటే కిందికి పడిపోయింది. తెలియనిచోట పడలేదు. కోడ్‌కు మొహమాటం ఉండదు, "కాస్త", "వీలైతే" ఉండవు. రాసే తీరే కారణమన్న వాదన ఇక్కడ నిలబడదు.

మన వారపత్రికలు వెలిగిపోయిన రోజుల్లో రచయిత్రుల నవలలకు ఎంత గిరాకీ ఉండేదంటే కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. ఇప్పుడు ఫేస్‌బుక్‌లో తెలుగు ఆడవాళ్ళు తమ ఫొటో బదులు గులాబీనో, అమ్మవారినో, పాపాయినో పెట్టుకుంటున్నారు. చదివించే పేరు, దాచుకోవాల్సిన పేరు అయింది. ఫేస్‌బుక్ సంస్థే 2017లో ప్రొఫైల్ ఫొటోను ఎవరూ కాపీ చేసుకోకుండా ఉండే ఏర్పాటును, 2020లో ప్రొఫైల్‌కు తాళం వేసుకునే సదుపాయాన్ని భారతదేశంలో తెచ్చింది. రెంటికీ చెప్పిన ముఖ్య కారణం ఇక్కడి ఆడవాళ్ళ భయమే.

ఆ భయం ఊరికే పుట్టలేదు. బ్రిటన్‌లోని గార్డియన్ పత్రిక 2016లో తన వెబ్‌సైట్‌కు వచ్చిన 7 కోట్ల వ్యాఖ్యలను పరిశీలించింది. అత్యధికంగా దూషణలు పడ్డ పదిమంది రచయితల్లో ఎనిమిది మంది ఆడవాళ్ళు, మిగతా ఇద్దరు నల్లజాతి మగవాళ్ళు. అతి తక్కువ దూషణలు వచ్చిన పదిమందీ మగవాళ్ళే. మన దేశంలో 2019 లోక్‌సభ ఎన్నికల రోజుల్లో 95 మంది మహిళా నాయకులను ప్రస్తావిస్తూ వచ్చిన లక్షకు పైగా ట్వీట్లను ఆమ్నెస్టీ అనే మానవ హక్కుల సంస్థ చదివించింది. ప్రతి ఏడు ట్వీట్లలో ఒకటి దూషణో, అభ్యంతరకరమో. వాళ్ళ విధానాల మీద విమర్శ సంగతి వేరు. ఇది రూపం గురించి, పెళ్ళి గురించి, నడవడి గురించి.

నాయకురాళ్ళు కాని మామూలు ఆడవాళ్ళకు ఈ ఖర్చు ఇంకో రూపంలో వస్తుంది. వాట్సాప్ గ్రూపులో ఒక్క మాట రాస్తే ఆ గ్రూపులో ఉన్న వందలమందికి పేరు, ఫోన్ నంబరు, డీపీ కళ్ళముందుకొస్తాయి. ఉద్యోగాల గ్రూపులో ఒక అమ్మాయి "హాల్ టికెట్ ఎవరికైనా డౌన్‌లోడ్ అయిందా?" అని అడుగుతుంది. జవాబు గ్రూపులో రాదు. పది నిమిషాల తర్వాత తెలియని నంబర్ల నుంచి "హాయ్", "మీది ఏ ఊరు", "నోట్స్ కావాలంటే కాల్ చేయండి" అని వస్తాయి. అదే ప్రశ్న ఒక అబ్బాయి అడిగితే జవాబొస్తుంది, లేదా రాదు. అంతటితో సరి. మాట ఖరీదు ఇద్దరికీ ఒకటి కాదన్నమాట. ఆ అమ్మాయి తర్వాతి ప్రశ్నను అడగకుండా మానుకోవడం మొహమాటమని ఎవరైనా అంటే అది చాలా అన్యాయం. ఆమె లెక్క వేసుకుని మానుకుంది.

అసలు ఫోన్ చేతిలో ఉండటం దగ్గరే తేడా మొదలవుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, మగవాళ్ళు 48.8 శాతం. తెలంగాణలో ఆడవాళ్ళు 26.5, మగవాళ్ళు 57.9. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి. కానీ ఎక్కువమంది మగవాళ్ళతో మొదలైన చోట పెట్టుకున్న అలవాట్లే తర్వాత వచ్చినవాళ్ళకు నియమాలవుతాయి. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫ్లాటుకొక నంబరే అంటారు, ఆ నంబరు భర్తది. నీళ్ళు, పనిమనిషి, చెత్త బండి, లిఫ్ట్, వీటితో రోజంతా వేగేది భార్య. ఆవిడకు లేడీస్ గ్రూపు వేరే ఉంటుంది, అందులో వరలక్ష్మీ వ్రతం పేరంటాల గురించి, బతుకమ్మ గురించి మాట్లాడుకుంటారు. మెయింటెనెన్స్ ఎంత పెంచాలన్న నిర్ణయం మాత్రం పెద్ద గ్రూపులో జరుగుతుంది.

టైమ్ సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 2019 జాతీయ కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారని, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. గ్రూపుల్లో వాదన రగిలేది రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య. అది వంట, పిల్లల హోంవర్క్, గిన్నెలు సర్దడం, పొద్దుటి ఇడ్లీకి పప్పు నానబెట్టడం, వీటన్నిటి వేళ. ఆవిడ చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసేసరికి 84 మెసేజ్‌లు దాటిపోయి ఉంటాయి, "ఓకే, ఫైనల్" అని ఎవరో రాసేసి ఉంటారు. అప్పుడు తన అభిప్రాయం రాస్తే "మేడం, అది అయిపోయిందండీ" అంటారు.

వికీపీడియా అనుభవం కూడా ఇలాంటిదే, ఇంకా పెద్ద స్థాయిలో. అక్కడ ఎవరైనా రాయొచ్చు, తలుపుకు గడియ లేదు. అయినా 2008 సర్వేలో రాసేవాళ్ళలో ఆడవాళ్ళు 13 శాతం కూడా లేరని తేలింది. ఆ సర్వేలో దొర్లిన లోపాలను సరిచేసి 2013లో మళ్ళీ లెక్కగడితే 16 శాతం దగ్గరకు వచ్చింది. ఆడవాళ్ళు ఎందుకు రాయడం లేదో వాళ్ళ మాటల్లోనే 2011లో వికీపీడియాను నడిపే ఫౌండేషన్ అప్పటి అధిపతి స్యూ గార్డ్‌నర్ పోగుచేశారు. టైమ్ లేకపోవడం, తాము రాసింది తీసేస్తారన్న బెంగ, చర్చా పేజీల్లో కయ్యాల వాతావరణం వాటిలో ముఖ్యమైనవి. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. అందులో సముదాయమంతా కూర్చుని మాట్లాడుకునే పేజీకి "రచ్చబండ" అని పేరు. అచ్చ తెలుగు పేరు, ఎంతో ఇష్టంతో పెట్టుకున్న పేరు. కానీ ఊళ్ళో రచ్చబండ మీద ఆడవాళ్ళు కూర్చున్నది లేదు. బిందె చంకన పెట్టుకుని, తల వంచుకుని దాని పక్కనుంచి నడిచి వెళ్ళేవారు. ఆడవాళ్ళ మాటలు బావి దగ్గర, చాకిరేవు దగ్గర. ఒక పేరు వల్ల ఎవరూ రావడం మానరు. కాకపోతే ఊరి చర్చ అనగానే మన ఊహలోకి వచ్చే బొమ్మలో ఎవరుంటారో ఆ పేరు చెబుతుంది.

మార్చాలంటే ఎక్కడ మార్చాలన్నదానికి కొన్ని గట్టి ఆధారాలున్నాయి. అవి ఆడవాళ్ళను గట్టిగా మాట్లాడమని చెప్పే పాఠాల్లో లేవు. క్రిస్టఫర్ కార్పొవిట్జ్, టాలీ మెండెల్‌బర్గ్ అనే పరిశోధకులు అయిదుగురేసి సభ్యుల బృందాలు చేసి, డబ్బు ఎలా పంచాలో తేల్చమన్నారు. కొన్ని బృందాలకు మెజారిటీ ఓటు నియమం, కొన్నిటికి అందరూ ఒప్పుకుంటేనే అన్న నియమం. మెజారిటీ నియమంలో, ఆడవాళ్ళు తక్కువగా ఉన్న బృందాల్లో వాళ్ళ మాట బాగా తగ్గిపోయింది. అందరూ ఒప్పుకోవాలన్నప్పుడు అదే తక్కువమంది ఆడవాళ్ళు ఎక్కువ మాట్లాడారు. ప్రతి ఒక్కరి ఒప్పుదల అవసరమైతే ప్రతి ఒక్కరి మాటా వినాల్సిందే. 2018లో వచ్చిన ఇంకో అధ్యయనం పది దేశాల్లో 247 విద్యా సెమినార్లను గమనించింది. మొదటి ప్రశ్న మగవాళ్ళు అడిగిన సెమినార్లలో ఆ తర్వాత ఆడవాళ్ళ ప్రశ్నలు ఇంకా తగ్గాయి. హెరింగ్ కూడా, మధ్యవర్తి గట్టిగా ఉండి దురుసుతనాన్ని ఆపే బృందాల్లో ఆడవాళ్ళు బాగా రాస్తారని గమనించారు.

మన గ్రూపుల స్థాయిలో వీటికి చిన్న చిన్న రూపాలున్నాయి. ఓటింగ్ పోల్ పెట్టి ఒక రోజంతా తెరిచి ఉంచితే రాత్రి తొమ్మిదింటికి చేతిలో పని ఉన్నవాళ్ళ ఓటు కూడా పడుతుంది. ఫ్లాటుకు రెండు నంబర్లు చేర్చొచ్చు. నంబర్లు అందరికీ కనబడకూడదనుకుంటే వాట్సాప్ కమ్యూనిటీ వాడొచ్చు. అందులో ప్రకటనల గ్రూపులో మామూలు సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. వీటన్నిటికంటే తేలికైనది, ఏ సెట్టింగూ అక్కర్లేనిది ఇంకోటుంది. ఎనిమిదింటి మెసేజ్ చూసిన సెక్రటరీ "నోటెడ్" అని రాసేముందు వేలితో రెండుసార్లు పైకి జరిపి, ఆరుంబావు మెసేజ్‌ను పట్టుకుని, దానికే రిప్లై కొట్టి, "సుజాత గారూ, మీరు పొద్దున్నే చెప్పారు, వాచ్‌మన్‌తో మాట్లాడాను, రేపటి నుంచి అయిదున్నరకే వేస్తాడు" అని రాయడం.